తొడ విరిగినవాడి మాట

చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివరికొచ్చేసరికి దుర్యోధన వధ. దానికోసం మైదానంలో బంకమట్టితో దుర్యోధనుడిని వెల్లకిలా పడుకోబెడతారు, చాలా పెద్ద బొమ్మ. భీముడి వేషగాడు చుట్టూ తిరిగి తిరిగి తొడ మీద గదతో కొడితే ఎర్రనీళ్ళు చిమ్ముతాయి. అప్పుడు ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం.

చిన్నప్పుడు నా టెన్షన్ అంతా ఆ ఎర్రనీళ్ళ గురించే. అంత పెద్ద బొమ్మలో తొడే ఎందుకు అన్నది తర్వాతెప్పుడో తట్టింది. నిండు సభలో ద్రౌపదికి అతను చూపించింది ఆ ఎడమ తొడనే కదా.

ఇదే దుర్యోధనుడు మన పారాయణ పుస్తకాల్లో కూడా ఉన్నాడు. పాండవ గీతలో భక్తులు తలా ఒక శ్లోకం చెప్పుకుంటూ పోతారు. వాళ్ళ మధ్యలో ఇతనూ ఒకటి అందుకుంటాడు:

జానామి ధర్మం న చ మే ప్రవృత్తిః
జానామ్యధర్మం న చ మే నివృత్తిః ।
కేనాపి దేవేన హృది స్థితేన
యథా నియుక్తోఽస్మి తథా కరోమి ॥

ధర్మం తెలుసు, అటు మనసు పోదు. అధర్మమూ తెలుసు, దాన్ని వదల్లేను. గుండెలో ఎవరో దేవుడు కూర్చుని ఎలా ఆడిస్తే అలా ఆడుతున్నాను. అక్కడితో ఆగడు. నేను యంత్రాన్ని, నడిపేది నువ్వు, దోషం నాకు అంటగట్టకు అంటాడు.

నిజం చెప్పాలంటే ఈ శ్లోకం నాకు చాలాసార్లు అక్కరకొచ్చింది. ఇంట్లోవాళ్ళ మీద అరిచి, ఆనక కూర్చుని మొదటి రెండు పాదాలు తలుచుకుంటే కాస్త తేలికగా ఉండేది. తెలిసే చేశాను, ఏం చెయ్యను, నా స్వభావం ఇంతే, అని.

గీత మూడో అధ్యాయంలో అర్జునుడిదీ ఇదే బాధ. ‘అథ కేన ప్రయుక్తోఽయం పాపం చరతి పూరుషః’, ఇష్టం లేకపోయినా మనిషి చేత పాపం చేయిస్తున్నది ఎవరు అని అడిగాడు. కృష్ణుడు నసగకుండా చెప్పాడు: కామం, క్రోధం, అవే శత్రువులని తెలుసుకో. రెండు శ్లోకాలూ పక్కపక్కన పెట్టి చూడండి. అర్జునుడు ‘కేన’ అన్నాడు, ఎవరిచేత అని. దుర్యోధనుడు దానికి ఒక ‘అపి’ తగిలించి ‘కేనాపి’ అన్నాడు, ఎవరిచేతనో అని. ప్రశ్న కాస్తా సాకు అయిపోయింది.

ఇక్కడే నాకు సంస్కృత నాటకకర్త భాసుడి ఊరుభంగం (అంటే తొడ విరగడం) గుర్తొస్తుంది. 1912లో తిరువనంతపురంలో గణపతి శాస్త్రిగారు అచ్చు వేయించిన రూపకాల్లో ఇదొకటి (భాసుడిదేనా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు, వాళ్ళ ఇష్టం). ఒకే అంకం. మన సంస్కృత నాటకాల్లో అరుదుగా కనిపించే విషాదాంతం.

గదాయుద్ధంలో భీముడు కూలబడతాడు. కృష్ణుడు తన తొడ చరుచుకుని సైగ చేస్తాడు. దెబ్బ పడుతుంది. అది అన్యాయమని బలరాముడు నాగలి పట్టుకుని మండిపడతాడు. అంటే ఇక్కడ తప్పు ఎదుటివాళ్ళ మీద తోసేయడానికి మంచి అవకాశం దొరికింది, అదీ బలరాముడి సాక్ష్యంతో! దుర్యోధనుడేమో చేతులతో ఈడ్చుకుంటూ వచ్చి వద్దంటాడు. వైరం పోయింది, యుద్ధం మాట పోయింది, మేమూ పోయాం, తర్పణాలు వదలడానికైనా పాండవులను బతకనివ్వు అంటాడు. తనను పడగొట్టింది భీముడు కూడా కాదట. జగత్తుకు ప్రియుడైన హరి ఆ గదలో దూరి తనను మృత్యువుకు అప్పగించాడట.

ఇక్కడా దేవుడి పేరే ఎత్తాడు. కానీ పాండవ గీతలో అతను దేవుడి మీద వేసింది తన పాపాన్ని. నాటకంలో హరికి అప్పజెప్పింది తన చావును. పాపాన్ని మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. పగ తీరుస్తానని అశ్వత్థామ ఊగిపోతుంటే లెక్క తనే చెబుతాడు: జూదంలో ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చాం, పసివాడు అభిమన్యుణ్ణి చంపాం, మాయపాచికలతో వాళ్ళను అడవికి తోలాం, దాంతో పోలిస్తే వాళ్ళు నాకు చేసింది తక్కువే కదా అని. అశ్వత్థామ వినడు, అది వేరే సంగతి.

దానికి ముందే కొడుకు దుర్జయుడు వస్తాడు. యుద్ధభూమంతా తండ్రిని వెతికి అలిసిపోయిన చిన్నపిల్లవాడు. అలవాటు ప్రకారం ఒళ్ళో కూర్చోబోతాడు. తండ్రి ఆపుతాడు. ఇంకెక్కడైనా కూర్చో నాన్నా, ఈ చోటు ఇవాళ్టి నుంచి నీది కాదు అంటాడు. ఎందుకని మాత్రం చెప్పడు. రాజు ఎక్కడికి వెళ్తున్నారు అని పిల్లవాడు అడిగితే, నా వందమంది తమ్ముళ్ళ దగ్గరికి అంటాడు. నన్నూ తీసుకెళ్ళమంటే, వెళ్ళి భీముణ్ణి అడుగు అంటాడు.

పరాయి స్త్రీని కూర్చోమన్న తొడ, కన్నకొడుకుకి లేకుండా పోయింది. భాసుడు ఈ మాట ఎక్కడా విప్పి చెప్పలేదు, ఇది నేను చదువుకున్న తీరు. ఆ తర్వాత పిల్లవాడికి బుద్ధులు చెబుతాడు. నన్ను సేవించినట్టే పాండవులను సేవించు. కుంతి మాట విను. అభిమన్యుడి తల్లినీ, ద్రౌపదినీ ఇద్దరినీ కన్నతల్లిలా పూజించు.

ఆ మాట వింటున్నప్పుడు దుర్జయుడు తండ్రి ఒళ్ళో లేడు, పక్కన నేల మీద ఉన్నాడు.