ముప్పై లైఫులు లేకుండా కాంట్రా: ఐదు నెలల నా అనుభవం

కాంట్రా అనే తుపాకుల వీడియో గేమ్‌ని నేను మొదటిసారి ఆడింది 1997 ఎండాకాలం సెలవుల్లో. తిరుపతిలో మా ఇల్లు కొర్లగుంటలో. రెండు వీధుల అవతల ఒకాయన తన ముందుగదిలో మూడు టీవీలు పెట్టి, గంటకు పది రూపాయలు తీసుకుని గేములు ఆడించేవాడు. నేనూ మా పెదనాయన కొడుకూ చెరో ఐదు రూపాయలు వేసుకుని పోయేవాళ్లం. గంగమ్మ జాతర వారంలో ఊరంతా వేషాల వెంట ఉంటే షాపులో టీవీలు ఖాళీగా దొరికేవి. మాకు అదే అసలు పండగ. అన్న తన లెక్కల నోటుబుక్కు వెనక అట్ట మీద బాణాలు గీసి పెట్టుకున్నాడు: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ. టైటిల్ రాగానే అవి చకచకా నొక్కితే మూడు లైఫులు కాస్తా ముప్పై అయ్యేవి. ముప్పై ఉన్నా మేము ఆటని ఒక్కసారి కూడా ముగించలేదు. మంచులో పరిగెత్తే ఐదో స్టేజ్ దాటేలోపు గంట అయిపోయేది, వెనక కాచుకుని ఉన్న పిల్లలు కుర్చీ లాగేసేవాళ్లు.

ఆ కోడ్ పెట్టినాయన పేరు కజుహిసా హషిమోటో. గ్రేడియస్ అనే ఆటని కొనామీ కంపెనీ ఇంటి మెషీన్‌కి తెచ్చేటప్పుడు, అది తనకే కష్టంగా ఉందని, పరీక్షించుకోవడానికి వీలుగా ఆయన ఈ బటన్ల వరస పెట్టుకున్నారు. 1986లో ఆట బయటికి వచ్చినప్పుడు కోడ్ అందులోనే ఉండిపోయింది. రెండేళ్ల తర్వాత కాంట్రాలోనూ అదే పెట్టారు. 2020 ఫిబ్రవరిలో ఆయన పోయారని చదివి అన్నకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే నా నోటుబుక్కులో ఉన్నది ఆయన రాతే కదరా" అన్నాడు.

నిరుడు రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి కొని టీవీకి తగిలించి, పాత గేమ్ మెషీన్ల ఆటల్ని నడిపించే రెట్రోఆర్చ్ అనే ప్రోగ్రామ్ వేసుకున్నాను. కాంట్రా పెట్టాను. ప్రమాదం ఉన్న ప్రతి చోటా ముందే సేవ్ స్టేట్ చేసుకుంటూ (అంటే ఆటని ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు దాచుకుంటూ), చచ్చినప్పుడల్లా లోడ్ చేసుకుంటూ ఒక్క రాత్రిలో ఆఖరి స్టేజ్‌లోని ఆ పెద్ద గుండెకాయను పేల్చేశాను. చిన్నప్పటినుంచి చూడాలనుకున్న దృశ్యం కళ్లముందు నడుస్తోంది, నాకు మాత్రం సంతోషం కలగలేదు. ఎవరో ఆడిన వీడియో చూసినట్టు అనిపించింది. బాధేసి టీవీ కట్టేసి పడుకున్నాను.

రెట్రోఅచీవ్‌మెంట్స్ గురించి తెలిసింది ఆ తర్వాతే. పాత ఆటలకు అచీవ్‌మెంట్లు, అంటే ఫలానాది సాధించావని ఇచ్చే గుర్తింపులు, చేర్చే సైట్ అది. అభిమానులే నడుపుతారు, డబ్బు కట్టనక్కర్లేదు. అది పనిచేసే తీరు నాకు ఇప్పటికీ అద్భుతంగానే ఉంటుంది. ఫామికామ్, ఎన్‌ఈఎస్ అనే నింటెండో పాత గేమ్ మెషీన్లలో ఆట నడవడానికి ఉన్న మెమరీ రెండే కిలోబైట్లు. ఎన్ని లైఫులు మిగిలాయి, ఎన్నో స్టేజ్, చేతిలో ఏ గన్ ఉంది, అన్నీ ఆ కాస్త జాగాలోనే ఎక్కడో ఒకచోట అంకెలుగా ఉంటాయి. ఏ అంకె ఎక్కడుందో ఓపిగ్గా వెతికి పట్టుకుని, 'ఈ స్టేజ్ మొదలైంది, లైఫ్ తగ్గలేదు, స్టేజ్ అయిపోయింది' అన్న షరతును వాటితోనే రాస్తారు. షరతు నెరవేరగానే టీవీ మూల చిన్న బొమ్మ టంగుమని పడుతుంది. ముప్పై ఏళ్ల కిందటి ఆటను ఒక్క ముక్క కూడా మార్చకుండా, దాని పక్కన కూర్చుని లెక్క రాసుకునే మనిషి లాంటిది.

ఇందులో హార్డ్‌కోర్ మోడ్ ఒకటుంది. అది పెట్టుకుంటే సేవ్ స్టేట్ లోడ్ చేయడం కుదరదు, రివైండ్ ఉండదు, ఆటని నెమ్మదిగా నడిపించడం ఉండదు, చీట్లు ఉండవు. అచ్చం మా షాపులో ఆడినట్టే ఆడాలి. ఒక ఆటలోని అచీవ్‌మెంట్లన్నీ ఇలా సాధిస్తే మాస్టరీ అంటారు. మాస్టరీ జోలికి నేను పోలేదు. నాకు నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: హార్డ్‌కోర్‌లో, బాణాల కోడ్ లేకుండా, లైఫులన్నీ అయిపోయాక ఆటని కొనసాగించే కంటిన్యూ వాడకుండా కాంట్రా ముగించాలి.

మొదటి దెబ్బ ఆట మొదలవకముందే తగిలింది. పేరుకి 9999999 ఆటలని అట్ట మీద రాసి, లోపల అవే పదీ పన్నెండూ తిప్పితిప్పి చూపించే క్యాసెట్ ఒకటి అటక మీద ఇంకా ఉంది. క్యాసెట్‌ని కంప్యూటర్‌కి ఎక్కించే చిన్న పరికరం కొని, అందులోని కాంట్రానే వేశాను. ఆట నడిచింది, అచీవ్‌మెంట్లు మాత్రం రాలేదు. రెండు రాత్రులు సెట్టింగులన్నీ గెలికాక తెలిసింది: ఆ సైట్ ఆటని దాని పేరుని బట్టి గుర్తుపట్టదు, ఫైలు మొత్తానికి లెక్కగట్టే ఒక గుర్తుని బట్టి పోలుస్తుంది. ఇలాంటి క్యాసెట్లు చేసినవాళ్లు కంపెనీ పేరు తీసేసి, అక్కడక్కడా లోపల మార్చేసి ఉంటారు, గుర్తు కలవదు. అసలైన క్యాసెట్ ఒకటి కొని ఎక్కించాక మొదటి స్టేజ్ మొదలుకాకముందే సైట్ ఆట పేరు పెట్టి పలకరించింది. మీకు ఇలా అయితే సెట్టింగుల మీద టైం పాడు చేసుకోవద్దు, ముందు ఫైలు సంగతి చూసుకోండి.

రెండోది టీవీ. దూకుదామని నొక్కితే ఒక క్షణం తర్వాత దూకుతున్నాడు. వయసు మీద పడి చెయ్యి మందగించిందని దిగులు పడ్డాను. కారణం కొత్త టీవీ. బొమ్మను అందంగా చూపించడానికి అది లోపల ఏవో పనులు చేసుకుంటూ ఆలస్యం చేస్తుంది. టీవీలో గేమ్ మోడ్ పెట్టి, బ్లూటూత్ రిమోట్ పక్కనపడేసి వైరున్నది తగిలించాక చెయ్యి చెప్పినట్టు వినింది. బొమ్మ తుపాకీతో టీవీలోని బాతుల్ని కాల్చే డక్ హంట్ ఆడాలని ఆశపడేవాళ్లకు మాత్రం ఒక మాట: ఆ తుపాకీ పాత డబ్బా టీవీల మీదే పనిచేస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల డబ్బా వెలుగుతుంది. ఆ వెలుగును తుపాకీ పట్టుకోవాలి. ఇప్పటి టీవీలు ఆ వేళకి అందుకోలేవు.

నేరుగా కాంట్రా మీద పడకుండా, చెయ్యి సాగాలని మొదట మారియో పట్టుకున్నాను. ఎవరడిగినా మొదటి ఆటగా అదే చెబుతాను. 1985 నాటి ఆట. అందరికీ 1-2లో (మొదటి లోకం, రెండో స్టేజ్) పైకప్పు మీద నడిచి, ముందు స్టేజ్‌లకు ఒక్కసారే గెంతించే వార్ప్ జోన్‌లో దూరడం అలవాటు. దాన్ని ముట్టకుండా 32 స్టేజ్‌లూ ఆడి చూడండి, చిన్నప్పుడు మనం చూసింది సగం ఆట కూడా కాదని తెలుస్తుంది. 4-4, 7-4 కోటల్లో దారి తప్పితే తిప్పి తిప్పి అక్కడికే తెస్తుంది. 8-1లో శత్రువులకన్నా గడియారమే పెద్ద గండం. 8-3లో సుత్తులు విసిరే జంటల దగ్గర నేను పది రోజులున్నాను. 3-1 చివర మెట్ల మీద తాబేలుని తొక్కుతూ లైఫులు పెంచుకునే కిటుకు వాడుకోవచ్చు, ఆశకు పోవద్దు. 127 దాటితే లెక్క తిరగబడి, ఒక్కసారి చచ్చినా గేమ్ ఓవర్ పడుతుంది.

ఇక కాంట్రా. రోజూ రాత్రి భోజనం అయ్యాక ఒక గంట. ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, చచ్చిన ప్రతిసారీ ఎక్కడ, దేనివల్ల అని రాశాను. పుస్తకం నిండేకొద్దీ ఒక సంగతి అర్థమైంది. నేను చచ్చే చోట్లు ఎక్కడెక్కడో లేవు, మొత్తం ఆటలో పదకొండు చోట్లే ఉన్నాయి. వాటిలో మూడు ఒక్క జలపాతం స్టేజ్‌లోనే. అక్కడ పైకి ఎక్కుతూ పోవాలి, తెర పైకి జరిగాక కిందికి జారితే చావే. మామూలుగా అందరూ పైన రాయి కనబడగానే దూకేస్తారు. దూకకుండా ఒక్క ఊపిరి ఆగి, పైనున్న సైనికుడు కాల్చే బుల్లెట్ దాటిపోయాక దూకితే, అదే చోట ఇక ఎప్పుడూ చావలేదు.

ఎస్ గన్ ఉంటే ఆట ఒక రకం, లేకపోతే ఇంకో రకం. ఐదు బుల్లెట్లు విసనకర్రలా విచ్చుకుపోతాయి. చస్తే గన్ పోతుంది. అందుకే ఈ ఆటలో ఒక లైఫ్ పోవడమంటే మొదట పోయేది ధైర్యం. ఏడో స్టేజ్ హాంగర్‌లో పైనుంచి దిగే కొక్కేలు, నేలలోంచి లేచే ముళ్ల గోడలు, దొర్లుకుంటూ వచ్చే బండ్లు. అక్కడ ఎస్ పోగొట్టుకుని మామూలు గన్‌తో నిలబడినప్పుడల్లా చేతులకు చెమట పట్టేది. దాంతో వారం రోజులు కావాలనే ఎస్ తీసుకోకుండా ఆడాను. ఈ ఐదు నెలల్లో నేను చేసిన మంచి పని అదేనని గట్టిగా నమ్ముతున్నాను. తర్వాత గన్ పోయినా కాళ్లు వణకలేదు.

నాలుగో నెలలో, మొదటిసారి రెండు లైఫులతో హాంగర్ దాటి ఎనిమిదో స్టేజ్‌లో అడుగుపెట్టిన రాత్రి కరెంటు పోయింది. సేవ్ లేదు, ఏమీ లేదు. చీకట్లో రిమోట్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. చెల్లెలి కొడుకు పక్కనే ఉన్నాడు, పదేళ్ల వాడు. బైరాగిపట్టెడ నుంచి సెలవులకు వచ్చాడు. "మామా, కరెంటొస్తే ఇంకో తూరి ఆడుదువులే" అన్నాడు నా భుజం మీద చెయ్యేసి. మర్నాడే రాస్‌ప్‌బెర్రీనీ టీవీనీ ఇన్వర్టర్ లైనుకి మార్పించాను.

వాడితో ఆడటానికి బ్యాటిల్ సిటీ తీశాను, మేము ట్యాంకుల ఆట అనేవాళ్లం. నామ్కో 1985లో తెచ్చింది. ఇద్దరు కలిసి ఆడటానికి ఇంతకన్నా మంచి పాత ఆట నాకు తెలియదు. స్టేజ్‌కి 20 శత్రు ట్యాంకులు, మొత్తం 35 స్టేజ్‌లు, కింద ఇటుకల మధ్య కాపాడుకోవాల్సిన గద్ద. మెరుస్తూ వచ్చే ట్యాంకుని కొడితేనే బహుమతి పడుతుంది. అవి నాలుగోది, పదకొండోది, పద్దెనిమిదోది. ఈ లెక్క చెప్పినరోజు నుంచీ వాడు ట్యాంకులు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఆడుతున్నాడు. పార పడిందంటే గద్ద చుట్టూ ఉన్న ఇటుకలు కొంతసేపు ఉక్కు గోడలవుతాయి, దాన్ని వదలొద్దు. పొరపాటున ఒకరి బుల్లెట్ ఇంకొకరికి తగిలితే ఆ ట్యాంకు కాసేపు కదలదు కాబట్టి, ఎవరు ఏ వైపు అన్నది ముందే మాట్లాడుకోవాలి. మేము పందొమ్మిదో స్టేజ్ దాకా వచ్చాం.

అడ్వెంచర్ ఐలాండ్ కూడా ఆడాను, మంచి ఆటే కానీ ఓపిక చాలా కావాలి. పండ్లు తింటూ పోకపోతే శక్తి దానంతటదే కరిగిపోతుంది. మొదటి రౌండ్ చివర దాగి ఉండే తేనెటీగని దొరకబుచ్చుకోకపోతే కంటిన్యూ చేయడానికే ఉండదు.

కాంట్రా ముగించింది ఒక మంగళవారం రాత్రి. చెప్పుకోవడానికి పెద్ద పోరాటమేమీ జరగలేదు. జలపాతంలో ఆగాల్సిన చోట ఆగాను. మంచు స్టేజ్‌లో ఒక లైఫ్ పోయింది, గన్ కూడా పోయింది, ఆరో స్టేజ్‌లో మళ్లీ ఎస్ దొరికింది. మంటలు చిమ్మే గొట్టాల కింద ఊపిరి బిగబట్టి దాటాను. హాంగర్‌లో కొక్కేలు లెక్క ప్రకారం దిగాయి, నేను లెక్క ప్రకారం కదిలాను. గుండెకాయ ముందు నిలబడి కాలుస్తుంటే చుట్టూ గుడ్లు పగిలి పురుగులు మీదికొస్తున్నాయి, ఫ్యాన్ చప్పుడు కూడా వినబడటం లేదు. పేలింది. దీవి పేలిపోతుంటే హెలికాప్టర్ దూరంగా ఎగిరిపోయింది. టీవీ మూల చిన్న బొమ్మ టంగుమంది. కళ్లనీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు.

తెర ఫోటో తీసి చిత్తూరులో ఉన్న అన్నకు పంపాను. అర్ధరాత్రి దాటింది, పడుకుని ఉంటాడనుకున్నాను. నిమిషంలో జవాబు వచ్చింది: "హాంగర్‌లో ఎస్ పోలేదా రా?" పోలేదన్నాను. వెంటనే ఫోన్ చేశాడు. జలపాతం గురించి, మంచులో వచ్చే బండి గురించి రెండింటి దాకా అడుగుతూనే ఉన్నాడు.

ఈ ఆదివారం వస్తున్నాడు. ముస్తఫా ఆడాలట. 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్‌కి మన ఊళ్లలో ఉన్న పేరు అది. నలుగురు హీరోల్లో పసుపు టోపీ పెట్టుకున్న ముస్తఫా అందరికన్నా వేగంగా పరిగెత్తుతాడు, అందుకే ఆట మొత్తానికీ ఆయన పేరే పెట్టేశాం. ఆర్కేడ్ ఆటలకూ అచీవ్‌మెంట్లు ఉన్నాయి. లీలామహల్ సర్కిల్ దగ్గర రూపాయి బిళ్లలు అయిపోయి మధ్యలో వదిలేసి వచ్చిన ఆట. ఈసారి షరతు అన్నే పెట్టాడు: చెరో కాయిన్, అంతే.