మేడ మీది సూర్యుడు

ఉదయం ఏడున్నరకు మేడ మీద చిన్న టెలిస్కోపును నిలబెట్టి, సూర్యబింబం తెల్ల అట్ట మీద పడేలా సరిచేశాను. బీచి వైపు నుంచి వచ్చే తేమ వల్ల బింబం అంచు కాసేపు ఉడుకుతున్న పాలలా కదిలి, ఎండ ఎక్కాక నిలకడగా నిలిచింది. మధ్యరేఖకు ఉత్తరాన సుమారు పది డిగ్రీల దగ్గర ఒక మచ్చల గుంపు ఉంది. దానిని పెన్సిలుతో గుర్తించాను.

తరువాత 2021 నాటి నోటుపుస్తకం తీశాను. అందులోని చుక్కలు చాలా వరకు ఇరవై, ముప్పై డిగ్రీల నడుమ ఉన్నాయి. 2019 డిసెంబరులో మొదలైన ఈ సౌరచక్రంలో, అంటే మచ్చలు పెరిగి మళ్ళీ తగ్గే సుమారు పదకొండేళ్ళ కాలంలో, అవి ముందు మధ్యరేఖకు రెండు వైపులా దూరంగా కనిపించి, ఏళ్ళు గడిచేకొద్దీ మధ్యరేఖ వైపు జరుగుతూ వచ్చాయి. సౌరజ్వాలలు, అంటే సూర్యుడి మీద హఠాత్తుగా జరిగే పేలుళ్ళు, ఎక్కువగా ఈ గుంపుల మీదే, అదీ విరుద్ధ అయస్కాంత ధ్రువాలు ఒకదానిలో ఒకటి చిక్కుపడిన చోటనే పుడతాయి కాబట్టి, అవి కూడా అదే దారి పడతాయి. ధ్రువాల దగ్గర అవి దాదాపుగా ఉండవు. సూర్యుడి మధ్యభాగం సుమారు 25 రోజులకు ఒకసారి తిరుగుతుండగా ధ్రువాల వైపు భాగం అంతకన్నా నెమ్మదిగా తిరగడంతో, లోపలి అయస్కాంత రేఖలు మెలిపడి మధ్యరేఖకు రెండు వైపులా ఉన్న ఆ పట్టీలలోనే పైకి పొంగుతాయని చెబుతారు.

"తాతయ్యా, ఇవాళ పేలుతుందా?" అని మనవడు అడిగాడు. ఎక్కడో చెప్పగలను గానీ ఎప్పుడో చెప్పలేనన్నాను. చక్రం తగ్గుముఖం పట్టిందని నిశ్చింతగా ఉండడానికీ లేదు. 2003 అక్టోబరు, నవంబరుల మహాజ్వాలలు శిఖరకాలం దాటిన రెండు మూడేళ్ళకు వచ్చినవే.

అట్ట మీద బింబం తారుమారుగా పడుతుందన్న సంగతి మరచి, నేను ఒకప్పుడు వారం రోజుల పాటు తూర్పును పడమరగా రాసుకున్నాను. ఆ పేజీలను చింపలేదు. ఈ దిక్కులు ముఖ్యమైనవే: సూర్యుడి అయస్కాంత రేఖలు అంతరిక్షంలో వంపు తిరిగి ఉండడం వల్ల, పడమటి సగంలో పేలిన జ్వాలల కణాలే భూమికి సులువుగా చేరతాయి. నేటి గుంపు ఇంకా తూర్పు అంచుకు దగ్గరగానే ఉంది. వచ్చే వారం అది పడమటి సగంలోకి చేరేదాకా మబ్బు పట్టకపోతే చాలు.