పోనంటున్న ప్యాకేజీ

ఉగాదికి పది రోజుల ముందు బాబాయి ఫోన్ చేసి, తన ల్యాప్‌టాప్‌లో ఏది ఎక్కించబోయినా ప్రింటరు పేరు చెప్పి మొరాయిస్తోందని, తెలుగు ఖతుల (ఫాంట్ల) కోసం మూడు సార్లు ప్రయత్నించినా ఫలితం లేదని చెప్పారు. వాళ్ల అపార్ట్‌మెంటులోని తెలుగు కుటుంబాలు కలిసి జరుపుకునే ఉగాదికి ఆహ్వానపత్రం తయారుచేసే పని ఏటా ఆయనదే. ఆ ఆదివారం బెంగళూరులో బైయప్పనహళ్లి దాకా మెట్రోలో, అక్కడినుంచి ఆటోలో రామమూర్తినగర్ వెళ్లాను. ఆ యంత్రంలో ఉబుంటు 22.04 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించి ఇచ్చింది నేనే కనుక, దాని రోగానికి వైద్యం కూడా నా బాధ్యతే అని పిన్ని అభిప్రాయం.

ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరచి మొదటి ఆదేశం ఇవ్వగానే ఎదురైనది ప్రింటరు కాదు, తాళం. ప్యాకేజీల, అంటే ప్రోగ్రాములూ ఖతులూ మూటగట్టి వచ్చే కట్టల, సమాచారాన్ని మరొక ప్రక్రియ పట్టుకుని ఉన్నదని, దాని సంఖ్య ఇదని, విడిచేదాకా ఎదురుచూస్తున్నానని, ప్యాకేజీలను ఎక్కించే, తీసే ‘ఆప్ట్’ అనే ప్రోగ్రాము తెలిపింది. చాలా రోజుల తరువాత నెట్‌కు కలిపిన ఉబుంటులో ఇది మామూలే. భద్రతకు సంబంధించిన నవీకరణలను తనంతట తానే తెచ్చుకునే ‘అనటెండెడ్ అప్‌గ్రేడ్స్’ అనే కార్యక్రమం ఆ సమయంలో పని చేసుకుంటూ ఉంటుంది. ఇటువంటప్పుడు లాక్ ఫైలును చెరిపివేయమని నెట్‌లో దొరికే సలహా చాలా చెడ్డది. ఆ ఫైలు ఎప్పుడూ అక్కడే ఉంటుంది. తాళం అంటే ఫైలు ఉండడం కాదు, దాని మీద, వ్యవస్థకు గుండెకాయ అయిన కెర్నెల్ ద్వారా ఒక ప్రక్రియ తీసుకున్న పట్టు. ఫైలును చెరిపితే ఆ ప్రక్రియ ఆగదు సరికదా, రెండు ప్రక్రియలు ఒకేసారి ఒకే పట్టికలో రాయడానికి దారి తెరిచినట్లవుతుంది. పిన్ని ఇచ్చిన కాఫీ పూర్తయ్యేలోపు తాళం తనంతట తానే వీడింది.

అప్పుడు బాబాయిని ఆయన పద్ధతిలోనే ఖతుల ప్యాకేజీని మళ్లీ ఎక్కించమన్నాను. నేను ఎప్పుడో రాసి ఇచ్చిన ఆదేశాలను ఆయన ఒక నోటు పుస్తకంలో ఎక్కించుకుని, అక్షరం తప్పకుండా చూసి కొడతారు. ఆయన కోరుకున్నది ‘ఫాంట్స్‑తెలుగువిజయం’ అనే ప్యాకేజీ. సిలికానాంధ్ర విడుదల చేసిన ఖతులు అందులో ఉంటాయి. ధూర్జటి, పెద్దన, తిమ్మన, సూరన్న, మల్లన్న, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ అంటూ రాయలవారి సభను తలపించే పేర్లు. ఆదేశం నడిచింది, తెరమీద పది పదిహేను వరుసలు దొర్లాయి, చివరి వరుసలో డీపీకేజీ అనే ఉపప్రక్రియ ఒకటో నంబరు దోషంతో వెనుదిరిగిందని పడింది. ‘చూశావుట్రా, నాలుగో సారి కూడా అదే మాట,’ అన్నారు బాబాయి.

నేను ఆయనను తెరను పైకి జరిపి మొదటి వరుసనుంచి చదవమన్నాను. రెండు మూడు వరుసల దిగువనే, ఖతుల ప్యాకేజీ ఇప్పటికే తాజా రూపంలో ఉన్నదని స్పష్టంగా రాసి ఉంది. దాని కింద, కొత్తగా ఎక్కేవి సున్నా, తొలగేవి సున్నా, ‘నాట్ ఫుల్లీ ఇన్‌స్టాల్డ్ ఆర్ రిమూవ్డ్’ మాత్రం ఒకటి అని ఉంది. అంటే పూర్తిగా ఎక్కనిదీ, పూర్తిగా పోనిదీ అయిన త్రిశంకు ప్యాకేజీ ఒకటి యంత్రంలో వేలాడుతోంది. అనుమానం తీర్చుకోవడానికి ఆప్ట్ తన చరిత్ర రాసుకునే ఫైలు తెరిచాము. అది ‘వార్’లోని ‘లాగ్’ ఫోల్డరులో, ‘ఆప్ట్’ అనే పేరు కింద ఉంటుంది. నాలుగు రోజుల క్రితం బాబాయి చేసిన మొదటి ప్రయత్నం తేదీ, సమయంతో సహా అందులో నమోదై ఉంది. ఖతుల ప్యాకేజీ ఎక్కినట్లు ఒక వరుస, దాని కిందనే దోషం జరిగినట్లు మరొక వరుస. ఖతులు మొదటి రోజే వచ్చి కూర్చున్నాయి. ఆయన పత్రాలు రాసుకునే లిబ్రెఆఫీసును మూయకుండా అలాగే ఉంచడంవల్ల అవి జాబితాలో కనబడలేదు. మూసి తెరవగానే శ్రీకృష్ణదేవరాయలు ప్రత్యక్షమయ్యారు.

ఇక్కడ ఆప్ట్‌కూ డీపీకేజీకీ ఉన్న సంబంధం చెప్పక తప్పదు. ఇయాన్ మర్డాక్ 1993లో ఉబుంటుకు మూలమైన డెబియన్‌ను ఆరంభించగా, డీపీకేజీ 1994 నాటిది; తన చేతికిచ్చిన ఒక డెబ్ ఫైలును, అంటే ప్యాకేజీ మూటను, విప్పి సర్దడం, అవసరమైతే తీసివేయడం, లెక్క రాసుకోవడం మాత్రమే దాని పని. ఒక ప్యాకేజీకి ఏయే ప్యాకేజీలు ఆధారమో చూసి, వాటిని నెట్‌నుంచి తెచ్చి, వరుస పెట్టి డీపీకేజీకి అందించే మేస్త్రీ ఆప్ట్; అది 1999లో వచ్చిన డెబియన్ 2.1తో జనంలోకి వచ్చింది. మేస్త్రీ ఏ పని చేయించినా, పాత బకాయి ఏదైనా ఉంటే దానినీ పూర్తి చేయమని కూలికి చెబుతాడు. బకాయి పని ప్రతిసారీ విఫలమైతే, ఆనాటి అసలు పని చక్కగా జరిగినా, చివరికి వినిపించేది వైఫల్యమే. కనుక ఆప్ట్ చివర చెప్పే మాట చాలాసార్లు విన్నమాట మాత్రమే; కన్నమాట పైన ఎక్కడో డీపీకేజీ చెప్పి ఉంటుంది.

బకాయి ఏదో తెలుసుకోవడానికి డీపీకేజీ చేత ప్యాకేజీల జాబితా రాయించాము. ప్రతి వరుస మొదట రెండు అక్షరాలు ఉంటాయి. మొదటిది మనం కోరుకున్నది, రెండవది నిజంగా ఉన్న స్థితి. రెండూ ‘ఐ’ అయితే ఎక్కించాలనుకున్నది సవ్యంగా ఎక్కింది. ‘ఆర్’ పక్కన ‘సీ’ ఉంటే ప్యాకేజీ పోయింది కానీ దాని అమరికల ఫైళ్లు మిగిలాయి. బాబాయి యంత్రంలో ఒకే ఒక్క వరుసలో ‘ఐ’ పక్కన పెద్ద ‘ఎఫ్’ ఉంది: ఫైళ్లు విప్పడం జరిగింది, అమరిక సగంలో ఆగింది. అది ప్రింటరు డ్రైవరు. ప్రింటరు అమ్మిన దుకాణపు కుర్రవాడు పెన్‌డ్రైవులో తెచ్చి, డెబ్ ఫైలు మీద రెండుసార్లు నొక్కి, ‘అయిపోయింది అంకుల్’ అని వెళ్లిపోయాడట.

అమరికను మరొకసారి నడిపించి చూడటానికి, డీపీకేజీకి ‘కాన్ఫిగర్’ అనే ఎంపికతోపాటు అన్నిటికీ అని అర్థమిచ్చే ‘ఏ’ చేర్చి ఆదేశించాను. కరెంటు పోయి మధ్యలో తెగిన నవీకరణలు సాధారణంగా ఈ ఒక్క ఆదేశంతో కుదుటపడతాయి. ఇక్కడ కుదుటపడలేదు కానీ అసలు దోషం బయటపడింది. డెబ్ ఫైలులో ప్రోగ్రాములతోపాటు చిన్న చిన్న స్క్రిప్టులు కూడా ఉండవచ్చు. ఎక్కకముందు ఒకటి, ఎక్కిన తరువాత ఒకటి, తీయకముందు ఒకటి, తీసిన తరువాత ఒకటి నడిచేలా వాటికి స్థానాలు నిర్ణయించి ఉంటాయి. ఈ డ్రైవరులో ఎక్కిన తరువాత నడిచే స్క్రిప్టు, ముద్రణ సేవను తిరిగి మొదలుపెట్టడానికి ‘కప్సిస్’ అనే పేరుతో పిలుస్తోంది. ఆ సేవకు డెబియన్, ఉబుంటులలో ఒకప్పుడు ఆ పేరే ఉండేది, కానీ అది ‘కప్స్’గా మారి పదిహేనేళ్లు దాటింది. లేని పేరుతో పిలిస్తే పలికేవారు ఎవరు? స్క్రిప్టు విఫలమైంది, దానితో ప్యాకేజీ అమరిక ఆగిపోయింది.

అయితే తీసివేద్దామనుకుని ఆప్ట్‌తో తొలగింపు ఆదేశం ఇచ్చాను. అదీ విఫలమైంది. తీయకముందు నడిచే స్క్రిప్టులో కూడా అదే పాత పేరు, ఈసారి సేవను ఆపడానికి. అది ఓడిపోగానే, తొలగింపును విరమించి ప్యాకేజీని పూర్వస్థితికి తేవడానికి డీపీకేజీ ఎక్కింపు స్క్రిప్టును మళ్లీ పిలిచింది. అదీ ఓడిపోయింది. ఎక్కించడం మాత్రమే కష్టమని, తీయడం తుడిచివేయడమేనని అనుకునేవారికి ఇది వింతగా ఉంటుంది కానీ, ప్యాకేజీ పోవాలన్నా దాని స్క్రిప్టు ఒప్పుకోవాలి. ఆ స్క్రిప్టులన్నీ యంత్రంపై సర్వహక్కులూ ఉండే రూట్ అధికారంతో నడుస్తాయి. తెలియనివారు పెన్‌డ్రైవులో తెచ్చిన డెబ్ ఫైలును ఎక్కించడమంటే ఇంటి తాళాల గుత్తి మొత్తం వారి చేతికి ఇవ్వడమే. ఆ దుకాణపు కుర్రవాడిలో దురుద్దేశం లేదు, డ్రైవరు తయారు చేసిన సంస్థలో శ్రద్ధ లేదు, అంతే.

ఇటువంటి చోట ఫైళ్లను చేత్తో చెరిపివేయాలనిపిస్తుంది. ఆ తప్పు నేను చదువుకునే రోజుల్లో చేశాను. ఫైళ్లు పోయినా లెక్కల పుస్తకంలో ప్యాకేజీ పేరు మిగిలి, లేని ఫైళ్లకోసం డీపీకేజీ వెతుకుతూ మరింత చిక్కులో పడింది. సరైన దారి చిన్నది. ఎక్కిన ప్యాకేజీల స్క్రిప్టులు ‘వార్’, ‘లిబ్’, ‘డీపీకేజీ’ల కింద ‘ఇన్ఫో’ అనే ఫోల్డరులో, ప్యాకేజీ పేరు తరువాత చుక్క పెట్టి ‘ప్రీఆర్ఎమ్’ వంటి పేర్లతో ఉంటాయి. ముందుగా ఆ స్క్రిప్టుకు నకలు తీసి పక్కన పెట్టాను. తరువాత దానిని రూట్ అధికారంతో తెరిచి, ఏ షెల్‌తో నడవాలో చెప్పే మొదటి వరుసను అలాగే ఉంచి, రెండవ వరుసగా ‘ఎగ్జిట్ సున్నా’ అని చేర్చాను. సున్నాతో బయటకు రావడమంటే పని సవ్యంగా ముగిసిందని చెప్పడం. దిగువనున్న పాత పేరు జోలికి స్క్రిప్టు ఇక వెళ్లదు. అయితే ముందు ఆ స్క్రిప్టు మొత్తం చదివి, అందులో సేవను ఆపడం తప్ప మరే ముఖ్యమైన పనీ లేదని నిర్ధారించుకోవాలి. ఈసారి ‘పర్జ్’ ఆదేశం ఇవ్వగా రెండు క్షణాల్లో ప్యాకేజీ అమరికలతో సహా వెళ్లిపోయింది. అసంపూర్ణంగా ఉన్నవాటిని చూపించే ‘ఆడిట్’ ఎంపికతో డీపీకేజీని నడిపితే తెరమీద ఏమీ రాలేదు. ఏమీ రాకపోవడమే శుభవార్త అని బాబాయికి నచ్చజెప్పడానికి కొంత సమయం పట్టింది.

‘రిమూవ్’కు, ‘పర్జ్’కు తేడా ఏమిటని ఆయన అడిగారు. మొదటిది ప్రోగ్రామును తీసి, ‘ఈటీసీ’ ఫోల్డరులో దాని అమరికలను ఉంచుతుంది, రెండవది వాటినీ తీస్తుంది. మన హోమ్ ఫోల్డరులో ఆ ప్రోగ్రాము రాసుకున్నవాటిని రెండూ ముట్టవు. స్నాప్ అనే మరో రకం ప్యాకేజీగా వచ్చినవాటి సంగతి వేరు. ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తుంది కనుక దాన్ని స్నాప్ ఆదేశంతోనే తీయాలి. తీసేటప్పుడు అది సమాచారానికి ఒక నకలు దాచి, మామూలుగా 31 రోజులు ఉంచుతుంది. డిస్కులో చోటు వెంటనే ఖాళీ కాలేదని కంగారుపడేవారికి చాలాసార్లు కారణం ఇదే.

ఆయన నోటు పుస్తకంలో మరొక ఆదేశం చూసి ఉలిక్కిపడ్డాను. చెడిన ఆధారాలను సరిచేయమనే ఆదేశానికి, అడిగే ప్రశ్నలన్నిటికీ ముందుగానే అవునని చెప్పే ‘వై’ అక్షరం జోడించి ఉంది, పైగా నా చేతిరాతే. సరిచేయడమంటే లోటున్న ప్యాకేజీలను తేవడం ఒక మార్గం, అవి దొరకనప్పుడు గోల పెడుతున్న ప్యాకేజీనే తీసివేయడం మరొక మార్గం. ఆప్ట్‌కు రెండూ సమ్మతమే. తొలగేవాటి జాబితా చదవకుండా అవునన్నందుకు ఎంత నష్టం జరుగుతుందో 2021 నవంబరులో లక్షలమంది చూశారు. యూట్యూబులో ప్రసిద్ధుడైన లైనస్ సెబాస్టియన్ ఉబుంటు ఆధారంగా తయారైన పాప్ ఓఎస్‌లో ఆటల ప్రోగ్రాము స్టీమ్‌ను ఎక్కించబోగా, ప్యాకేజీల మధ్య పొంతన కుదరక డెస్క్‌టాపునే తొలగించాలని ఆప్ట్ తేల్చింది. చెప్పినట్లు చేయమంటూ ఒక పూర్తి వాక్యాన్ని టైపు చేస్తే తప్ప సాగనని హెచ్చరించినా ఆయన టైపు చేశారు, డెస్క్‌టాపు పోయింది. ఆ తరువాత ఆప్ట్ ఆ వాక్యంతో సాగే వెసులుబాటునే తొలగించింది. బాబాయి పుస్తకంలో ఆ ‘వై’ని కొట్టివేసి, దాని స్థానంలో పని చేయకుండా చేసినట్లు చూపించే ‘ఎస్’ రాశాను.

ప్రింటరు మాత్రం ఇంకా మిగిలింది. ఉబుంటు సొంత ప్యాకేజీల భాండారమైన రిపోజిటరీలో ‘ప్రింటర్‑డ్రైవర్’ అనే మాటతో మొదలయ్యే ప్యాకేజీలు చాలా ఉన్నాయి, ఆ మోడల్‌కు సరిపోయేది ఒకటి వెతికితే దొరికింది. అది ఏ గొడవా లేకుండా ఎక్కింది, ప్రింటరును తిప్పి కలపగానే సెట్టింగులలో పేరు కనబడింది. ఆహ్వానపత్రం మొదటి ప్రతిలో శ్రీకృష్ణదేవరాయ అక్షరాలు నిండుగా వచ్చాయి కానీ, అడుగున ఉగాది పచ్చడి వేళను తెలిపే వరుస సగానికి తెగింది. కాగితం పరిమాణం ‘లెటర్’ అని ఉంది. దాన్ని ‘ఏ4’గా మార్చి రెండో ప్రతి తీశాము.