అర అంగుళం గోల

శ్రావణమాసం వచ్చిందంటే మా ఇంట్లో మంచం మీద మనుషులు పడుకోడానికి చోటుండదు, అన్నీ జాకెట్టు ముక్కలే. అయినా ఇవాళ ఆర్డర్లన్నీ పక్కన పెట్టి సగం రోజు పక్కింటి పిల్లతోనే సరిపోయింది. వాళ్ళమ్మకి మంగళగిరి కాటన్ జాకెట్టు, ప్రిన్సెస్ కట్ (టక్కుల బదులు పొడుగు వంపు కుట్లుండేది), తనే కోసి తనే కుట్టింది, తీరా వేసి చూస్తే ఛాతీ దగ్గర పట్టేస్తోందంట. "కటింగ్ మీరు చూశారు కదా పిన్నీ, కరెక్టేగా" అని ఏడుపు మొహం పెట్టుకొచ్చింది. కటింగ్ కరెక్టే. జాకెట్టు తిరగేసి కుట్ల మీద టేపు పెట్టి చూపించా, గుడ్డ అంచుకీ కుట్టుకీ మధ్య మార్జిన్ అర అంగుళం ఉండాల్సింది, కుట్టు పొడుగునా దాదాపు అంతటా ఇంకో వీసం ఎక్కువ తినేసింది, అంటే అంగుళంలో పదహారో వంతు. "ఇంతేనా!" అంది. ఇంతే, కానీ కుట్టు అన్నాక రెండు ముక్కలు, రెండిట్లోంచీ పోతుంది, అప్పుడు కుట్టుకి ఎనిమిదో వంతు. ముందు రెండు, వెనక రెండు, పక్కలు రెండు (అక్కడ మార్జిన్ ఎక్కువే, అయినా గీత దాటి అంతే లోపలికి పోయింది), ఆరు కుట్లకి ముప్పావు అంగుళం. 36కి కోసింది 35 పావు అయి కూర్చుంది, ఇంక పట్టక ఏం చేస్తుంది!

ఈ పిల్ల కుట్టేటప్పుడు చూశా, కళ్ళు రెండూ సూది మీదే. సూది పైకీ కిందకీ పోతుంటే దాన్ని చూసి లాభమేంటి, అది ఎక్కడికీ పోదు, పోయేది గుడ్డ అంచు. సైకిల్ నేర్చుకునేవాళ్ళు ముందు చక్రం వంక చూస్తూ గోడకి గుద్దుతారే, అచ్చం అలాగే.

మా నల్ల మిషన్‌కి బెడ్ మీద సూదికి కుడి పక్కన రెండు స్క్రూ కన్నాలుంటాయి. చాలా ఇళ్ళల్లో అవి నూనె, దూది పట్టి పూడుకుపోయి ఉంటాయి, ఎందుకున్నాయో ఎవరూ అడగరు. గుడ్డ అంచుని తిన్నగా నడిపే గైడు బిగించడానికే అవి. వంచిన చిన్న ఇనప ముక్క, మధ్యలో పొడుగు చీలిక, చేత్తో తిప్పే స్క్రూ. నా దాని స్క్రూ ఎప్పుడో పోతే, మొన్న లైనింగ్ గుడ్డలకని బెజవాడలో వస్త్రలత బట్టల మార్కెట్‌కి వెళ్ళినప్పుడు వన్‌టౌన్‌లోనే మిషన్ సామాన్ల కొట్లో గైడు చూపించి, మర కలిసేది వెతికించి తెచ్చుకున్నా. టీ ఖర్చంత కూడా కాలేదు.

బిగించడం కూడా అంచనాతో కాదు. ఒక కాయితానికి అంచు నుంచి సరిగ్గా అర అంగుళంలో గీత గీసి, గుడ్డని నొక్కి పట్టే ఫుట్ కింద పెట్టి, చక్రం చేత్తో తిప్పి సూదిని ఆ గీత మీదకే దింపి, కాయితం తిన్నగా ఉందో లేదో చూసుకుని అప్పుడు ఫుట్ దించాలి. గైడు వచ్చి కాయితం అంచుని తాకితే చాలు, స్క్రూ బిగించెయ్యడమే. తర్వాత చెత్త గుడ్డ మీద ఒక కుట్టు వేసి టేపుతో కొలిచి చూస్తే గాని నేను నమ్మను. ఇంకోటి, గుడ్డని గైడుకి ఆనించాలంతే, నొక్కకూడదు. నొక్కితే అంచు మడత పడిపోతుంది, పల్చటి సిల్కులైతే మరీనూ. మంగళగిరి కాటన్‌కి ఆ పేచీ లేదు, కాస్త నిలబడే గుడ్డ. అలాగని గైడు మాయ చెయ్యదు, కత్తెర వంకర పోతే ఆ వంకరనే బుద్ధిగా కుడుతుంది.

ప్రిన్సెస్ వంపు దగ్గర, చంక దగ్గర మాత్రం గైడుని కాస్త ఏటవాలుగా తిప్పా, సూదికి ఎదురుగా ఉన్న మూల ఒక్కటే అంచుని తాకేట్టు. తిన్నగా ఉంచితే వంపు తిరగనివ్వదు మరి.

"మీ కొత్త మిషన్‌కి ప్లేటు మీద గీతలున్నాయిగా" అంది పిల్ల. ఉన్నాయి, అంగుళాల లెక్కన 4/8, 5/8, 6/8 అని. అమెరికా పేటర్న్‌లలో మామూలుగా 5/8 వదులుతారు, యూట్యూబ్ చూసి మనవాళ్ళు అదే కుట్టేసి జాకెట్టు బిగుతైందని గోల పెడతారు. బొంతలు కుట్టేవాళ్ళకి పావు అంగుళం, దానికి పక్కన చిన్న రేకున్న ఫుట్ వేరే ఉంది, నేను మెడకి అదే వాడతా. ఆ గీతలన్నీ సూది నడిమధ్యలో ఉన్నప్పుడే నిజం, సూది ఎడమకి జరిపి కుడితే గీత అబద్ధం చెప్తుంది. మేగ్నెట్ గైడు కొనమంటారా అంది, నల్ల మిషన్‌కైతే సరే గానీ కంప్యూటర్ మిషన్ల దగ్గర అయస్కాంతం నాకు భయం, పైగా గుండుసూదులన్నీ దానికే అతుక్కుంటాయి. గుర్తుకి మిషన్ మీద కలర్ ప్లాస్టర్ ముక్క అతికిస్తే చాలదూ!

పక్క కుట్లకి ఇవేవీ పెట్టలేదు. అక్కడ ఒకటిన్నర అంగుళం వదులుతాం, రేపు ఒళ్ళొస్తే విప్పుకోవాలిగా, సుద్ద గీత మీదే కుట్టించా. టైలర్ మాస్టర్లకి ఇవన్నీ నవ్వులాట, చెయ్యే గైడు వాళ్ళకి. ఏళ్ళ తరబడి అదే పని, వాళ్ళకి చెల్లుతుంది, నేర్చుకునే పిల్లకెలా చెల్లుతుంది.

విప్పి మళ్ళీ కుట్టింది. పాత కుట్టు కన్నాలు కొత్త కుట్టు దాటి పైకి కనిపించే వైపే పడ్డాయి, కాటన్ కాబట్టి తడి చేసి ఇస్త్రీ పెడితే పూడిపోయాయి, పట్టు అయితే ఆ చుక్కలు అలాగే ఉండిపోయేవి. సాయంత్రం వాళ్ళమ్మ వేసుకునొచ్చింది, సరిగ్గా 36, ముడత లేదు. అద్దంలో అటూ ఇటూ చూసుకుని "కాస్త బిగుతుగా ఉంటేనే బాగుండేదేమో వదినా" అంది. పిల్ల నా వంక చూసింది, నేను నా ఆర్డర్ల వంక చూశా.