గడ్‌సర్ కనుమ మీద నుంచి

కాశ్మీర్‌లో సోనామార్గ్ నుంచి నారానాగ్ దాకా వారం రోజుల నడక. విషన్‌సర్ సరస్సు ఒడ్డున టెంట్ వేసిన రాత్రి కెమెరా బ్యాటరీలను ఉన్ని సాక్సులో చుట్టి, స్లీపింగ్ బ్యాగ్‌లో పొట్ట దగ్గర పెట్టుకుని పడుకున్నాను. చలికి ఛార్జింగ్ ఇట్టే దిగిపోతుంది మరి.

పొద్దున్నే ఒడ్డున కూర్చుని లెన్స్ ముందున్న పోలరైజర్ ఫిల్టర్‌ని మెల్లగా తిప్పాను. నీటి మీది మెరుపు పోయి అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఎంత సంతోషమేసిందో!

గడ్‌సర్ కనుమ దాదాపు 4,200 మీటర్లు. ఇరవై అడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కాను. పైనుంచి వెనక్కి చూస్తే విషన్‌సర్, కృష్ణసర్ సరస్సులు రెండూ ఒకే ఫ్రేములో!

గంగబల్ సరస్సు దగ్గర 5,142 మీటర్ల హర్‌ముఖ్ శిఖరాన్ని మబ్బు కప్పేసింది. రెండు గంటలు కాచుకున్నాను. తెర తొలగింది నాలుగు నిమిషాలే. మొదటి నిమిషం కెమెరా ముట్టుకోలేదు, ఊరికే చూస్తూ ఉండిపోయాను.