వైన్స్ షాపులో దొరకని వైన్

మన దగ్గర మందు షాపు బోర్డు మీద ఏముంటుంది? 'వైన్స్'. లోపలికెళ్లి నిజంగానే వైన్ ఉందా అని అడిగితే మాత్రం కౌంటర్లో కుర్రాడు మనల్ని ఎగాదిగా చూసి, పై అరలో క్వార్టర్ సీసాల వెనకనుంచి దుమ్ము పట్టినది ఒకటి తీసి తుడిచి ఇస్తాడు. అది అక్కడ ఎన్ని వేసవులు ఉడికిందో ఆ దేవుడికే తెలియాలి. అందుకే నా వైన్ చదువంతా రెస్టారెంట్లలోనే సాగింది. ఫీజు కాస్త ఎక్కువే పడింది లెండి.

మొదటి పాఠం మా వైజాగ్ బీచ్ రోడ్డులో ఒక హోటల్లో, మా పెళ్లిరోజున. బెంగళూరు నుంచి వచ్చిన మా బావమరిది రెడ్ వైన్ చెప్పాడు. వెయిటర్ సీసా తెచ్చి లేబుల్ నా ముందు పెడితే కళ్లజోడు సవరించుకుని మొత్తం చదివి తలూపాను, దేనికి ఊపానో నాకే తెలీదు. కార్కు తీసి, నా గ్లాసులో రెండు గుక్కలు పోసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను గ్లాసు వంక, అతని వంక చూసి "ఇంతేనా? ఇంకాస్త పొయ్యి తమ్ముడూ" అన్నాను. మా ఆవిడ టేబుల్ కింద నా కాలు తొక్కింది. "రుచి చూసి చెప్పమంటున్నాడు బావా" అని వాడు గొణిగాడు. అప్పుడు మొదలైంది టెన్షన్. ఏం చెప్పాలి? బాగుందనాలా, పళ్ల పేర్లేమైనా చదవాలా? పదో తరగతి వైవాలో కూడా అంత చెమట పట్టలేదు.

తర్వాత తెలిసింది, ఆ గుక్క మనకి పెట్టే పరీక్ష కాదు, సీసాకి పెట్టే పరీక్ష. లేబుల్ చూపించేది మీరు చెప్పిన సీసా, మీరు చెప్పిన, ద్రాక్ష పండిన సంవత్సరం అదేనా అని. గుక్క పోసేది అది పాడైందేమో చూడమని, అంతే. కొన్ని కార్కుల్లో టీసీఏ అనే రసాయనం పుట్టి వైన్‌లోకి దిగుతుంది, దాంతో తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. మన ఊరివాళ్లకి ఇంకా తేలిగ్గా చెప్తాను. 2014లో హుద్‌హుద్ తుఫాను పోయాక, వాన నీళ్లు దిగిన పుస్తకాల బీరువా తెరిస్తే గుప్పుమన్న వాసన గుర్తుందా? అదే. ఆ వాసన వస్తే మొహమాటం లేకుండా వెనక్కి పంపొచ్చు. రాకపోతే "పొయ్యండి" అంటే చాలు. తిప్పే మూత ఉన్న సీసాకైతే ఈ కార్కు గొడవ దాదాపు ఉండదు, అయినా వెయిటర్లు అలవాటుగా గుక్క పోసి నిలబడతారు, మనమూ పెద్దమనిషిలా తలూపుతాం.

నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించింది వేడి రెడ్ వైన్. మే నెల, ఏసీ మూలుగుతోంది, సీసా పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. ఐసు బకెట్ అడిగాను. "రెడ్ రూమ్ టెంపరేచర్లోనే తాగాలి సార్" అన్నాడు వెయిటర్, ఎంతో మర్యాదగా. ఏ రూమ్ తమ్ముడూ? ఆ మాట పుట్టింది యూరప్‌లో, హీటర్లు లేనప్పటి చలి ఇళ్లలో. రెడ్‌కి 15 నుంచి 18 డిగ్రీలుంటే బాగుంటుంది, వైజాగ్‌లో మే నెల రాత్రి బయట 28 ఉంటుంది. అంత వేడికి లోపలి ఆల్కహాల్ ఒక్కటే ముక్కుకి కొడుతుంది. పావుగంట ఐసు నీళ్లలో పెట్టించాను. పక్క టేబుల్ ఆయన నన్ను చూసి నవ్వుకున్నాడు, నవ్వుకోనివ్వండి.

అసలు సంగతి మన తిండి దగ్గరుంది. రెడ్‌లో వగరు ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వస్తుంది. నేరేడు పండు తిన్నాక నాలుక బిగుసుకుంటుందే, ఆ వగరు. దాని మీద కారం పడిందంటే నోట్లో దీపావళే. గోంగూర రొయ్యలతో షిరాజ్ అనే ఘాటైన రెడ్ తాగి ఒక రాత్రంతా మజ్జిగ తాగినవాణ్ణి చెప్తున్నాను. వంజరం వేపుడు, రొయ్యల ఇగురు లాంటివాటికి చల్లటి, కాస్త తీపి తగిలే వైట్ తెప్పించుకోండి. నాసిక్‌లో చేసే చెనిన్ బ్లాంక్ అనే వైట్ ఈ పనికి చక్కగా సరిపోతుంది, విదేశీ సీసాకి పెట్టినంత డబ్బూ అక్కర్లేదు. చేప మీద నిమ్మకాయ పిండినట్టే ఉంటుంది ఆ పులుపు, తీపేమో కారాన్ని అణుస్తుంది.

గ్లాసు లెక్కన తాగేవాళ్లు ఒక్క మాట అడగండి, సీసా ఎప్పుడు తెరిచారని. 750 ఎంఎల్ సీసాకి 150 చొప్పున ఐదు గ్లాసులొస్తాయి. వైన్ అడిగేవాళ్లే తక్కువైన మన ఊళ్లో మొదటి గ్లాసుకీ ఐదో గ్లాసుకీ మధ్య వారం గడిచిపోవచ్చు, ఈలోగా గాలి తగిలి అది చప్పబడిపోతుంది.

ఇక వైన్‌లో చెర్రీలు, తోలు వాసన, పొగాకు తగులుతున్నాయంటూ వర్ణించేవాళ్ల ముందు నోరు పెగలనివాళ్లకి ఒక సంగతి. ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి వైట్ వైన్‌లోనే వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, రెడ్‌కి వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. 2001లో అచ్చయింది ఆ పరిశోధన. ఇది చెప్పినప్పటి నుంచి మా బావమరిది వాసన చూడ్డానికి గ్లాసు తిప్పడం కొంచెం తగ్గించాడు. పూర్తిగా మానలేదు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు కూడా గ్లాసులో ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, "నీకేం తగులుతోంది బావా?" అన్నాడు.

"వంజరం చల్లారిపోతోంది" అన్నాను.