స్థూలం, నికరం

పదకొండున్నర దాటింది. దరఖాస్తు ఇంకా నాలుగో పేజీలోనే ఉంది. పంపేశానని మా ఆయనతో అబద్ధమాడాను. నిద్ర పట్టడం లేదు.

ఆదాయం తక్కువున్నవాళ్లకిచ్చే తక్కువ అద్దె ఇళ్ల దరఖాస్తు ఇది. మొదటి మూడు పేజీలు సాఫీగా నడిచాయి. ఎంతమంది ఉంటారు, ఎన్ని గదులు కావాలి, మెట్లెక్కలేనివారు ఉన్నారా. అమ్మ వెనకనుంచి తొంగిచూసి, "నేను ఎక్కగలను, లేరని రాయి" అంది. ఆమె మోకాలి సంగతి నాకు తెలుసు. ఉన్నారనే రాశాను.

నాలుగో పేజీలో ఆదాయం. చేతికొచ్చేది కాదట, కోతలకు ముందు మొత్తం రాయాలట. మేమెన్నడూ కళ్లచూడని ఆ మొత్తం గరిష్ఠ పరిమితికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. గత 3 నెలల సగటు తీస్తారు. అందులో ఒక నెల నా ఓవర్‌టైం ఉంది. అది కలిపితే గీత దాటుతాం, దాటితే అనర్హులం. అద్దె బకాయి తీర్చడానికి చేసిన ఓవర్‌టైం అది! పోనీ ఈయన సంపాదన ఒక్కటే చూపిద్దామా అంటే, కనీస ఆదాయమని కింద ఇంకో గీత ఉంది. మరీ తక్కువైతే అద్దె కట్టలేరని పక్కన పెడతారు. ఇంటికి అర్హత పొందాలంటే లేమి కూడా కొలత ప్రకారమే ఉండాలన్నమాట.

కట్టే అద్దె మన ఆదాయంలో 30 శాతం మించకూడదనే లెక్క అమెరికా ప్రభుత్వ గృహాల చట్టంలో ఉందని, 1969లో 25 శాతంగా పెట్టి 1981లో 30 చేశారని ఈయన భోజనాల దగ్గర ఎంతో ఉత్సాహంగా చెప్పారు. ఇప్పుడు మేం కడుతున్నది ఆదాయంలో సగం. ఆ ఉత్సాహంలో పిసరంత జీతం చీటీలు వెతకడంలో చూపిస్తే బాగుండేది. దొరికిన చీటీని ఫోనుతో ఫొటో తీస్తే నా బొటనవేలి నీడ సరిగ్గా నికర జీతం అంకె మీద పడింది. మళ్లీ తీస్తే ఫైలు పెద్దదైందని తీసుకోలేదు. తగ్గిస్తే అంకెలు అలుక్కుపోయాయి.

ఆ తర్వాతి ప్రశ్న, "ప్రస్తుత ఇల్లు మీకు ఎందుకు సరిపోవడం లేదు?" 300 అక్షరాలు మించకూడదు.

అది చదవగానే గడియారం గుర్తొచ్చింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్లం. గోడకు ఒక్క మేకు కూడా దిగకూడదని ఇంటాయన షరతు. అందుకని గోడ గడియారాన్ని ఇనుప బీరువా మీద గోడకు ఆనించి పెట్టేవారు. బీరువా తలుపు గట్టిగా వేస్తే జారేది. నాన్న దాని కింద మడతపెట్టిన కాగితం దోపారు, అయినా జారేది. ఎవరు తలుపు మీద చెయ్యి వేసినా మిగతావాళ్లం "గడియారం!" అని అరిచేవాళ్లం. ఇప్పటికీ చిన్నది తలుపు ధడాలున వేస్తే అమ్మ "గడియారం!" అంటుంది. చిన్నదానికి ఆ మాటకు అర్థం "మెల్లగా" అని మాత్రమే తెలుసు. ఇంటాయన అద్దెకు వచ్చినప్పుడు మా ముఖాలకన్నా ముందు గోడలు చూసేవాడు. ఒక ఇరవయ్యో తారీఖున వచ్చి, ఒకటో తారీఖుకల్లా ఖాళీ చేయమన్నాడు. ఎందుకని నాన్న అడగలేదు.

ఈ దరఖాస్తును నాలుగు తిట్లు తిడదామనే కూర్చున్నాను. ఇప్పుడు అంత కోపం లేదు. కాదంటే ఏ అంకె దగ్గర కాదన్నారో చెబుతారు. అర్హులు ఎక్కువైతే చీటీ తీస్తారు, చీటీ ముఖం చూడదు. ఆ మేడ ఇంటాయన మమ్మల్ని ఒక్క ప్రశ్నా అడగకుండానే పంపించేశాడు.

అనుకున్నానో లేదో, అద్దె రసీదులు జతచేయమన్న వరుస కనబడింది. మా ఇప్పటి ఇంటాయన రసీదు అడిగితే ఏమన్నాడంటే, "రసీదెందుకమ్మా, నమ్మకం లేదా?" రేపు మళ్లీ ఆ గుమ్మం ఎక్కాలి.

గడువు శుక్రవారం. ఓవర్‌టైం దాచను, కలిపే రాస్తాను. 300 అక్షరాల గడిలో "ఒక మేకు కొట్టుకోవాలి" అని రాసి చెరిపేశాను. "గదులు చాలవు" అని రాస్తే ఇంకా 289 మిగిలాయట.